గొర్రెలకూ ఓ క్యాలెండర్.. లండన్‌లో దాన్ని వెలుతురు రాస్తే మన దగ్గర ఎండ రాస్తోంది! మే నెల దెబ్బ జులైలో ఎలా తగులుతుందంటే..?

జులైలో మందను చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. వానలు పడ్డాయి. గట్ల మీద పచ్చిక మొలిచింది. గొర్రెలు ఎదకు వస్తున్నాయి, పొట్టేలు కూడా హుషారుగా వాటి వెంట తిరుగుతోంది. కాపరికి ఇంకేం కావాలి? కానీ డిసెంబర్ వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ఈనాల్సిన గొర్రెల్లో కొన్ని అసలు కట్టనే లేదని అప్పుడు తెలుస్తుంది. గొర్రెలో లోపమేమో అనుకుని కొందరు వాటిని సంతకు తోలేస్తారు. అసలు తప్పు గొర్రెది కాదు, జులైది కూడా కాదు. చాలాసార్లు ఆ తప్పు మే నెల ఎండది.

ఇదేంటి, మేలో ఎండ కాస్తే జులైలో చూడి కట్టకపోవడం ఏంటి అనుకుంటున్నారా? ఇది అర్థం కావాలంటే ముందు గొర్రెకు రుతువులతో ఉన్న లింకు ఏంటో తెలియాలి. పగటి వెలుతురు, వేడి.. ఈ రెండూ గొర్రె ఎప్పుడు ఎదకు రావాలో, కడుపు నిలవాలో వద్దో ఎలా తేలుస్తాయో చూద్దాం. ఈ టాపిక్ రాసేముందు డెస్క్‌లో 'గొర్రెల గురించి మనవాళ్లు చదువుతారా' అన్న ప్రశ్న వచ్చింది. దానికి ఒక్క లెక్క చాలు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న గొర్రెలు సుమారు 7 కోట్ల 43 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. ఆదివారం మటన్ షాపు ముందు క్యూలో నిలబడే ప్రతి ఒక్కరికీ ఈ కథతో సంబంధం ఉన్నట్టే.

నవంబర్ 5న బాణసంచా.. ఏప్రిల్ 1న పిల్లలు

ఇంగ్లండ్ పల్లెల వీడియోల్లో మీరు చూసే ఉంటారు. పచ్చటి మైదానంలో తెల్లటి గొర్రెలు, ఒక్కోదాని నడుం మీద ఎరుపో నీలమో రంగు మరక. మన దగ్గర మంద గుర్తు కోసం రంగు పూస్తారు. అక్కడ ఆ మరక పని వేరు. పొట్టేలు ఛాతీకి రంగు ముద్దను పట్టీతో కడతారు. అది ఏ గొర్రెను దాటితే ఆ గొర్రె నడుం మీద రంగు పడుతుంది. దాదాపు 17 రోజులకు ఒకసారి రంగు మారుస్తారు, ఎందుకంటే గొర్రె ఎద చక్రం 17 రోజులు. కట్టని గొర్రె మళ్లీ ఎదకు వచ్చి కొత్త రంగు పూయించుకుంటుంది. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో రైతు దూరం నుంచి చూసే చెప్పేస్తాడు.

అక్కడి రైతులకు ఓ పాత లెక్క ఉంది. నవంబర్ 5న, అంటే వాళ్లు ఊరూరా మంటలు వేసి బాణసంచా కాల్చే 'బోన్‌ఫైర్ నైట్' రోజున పొట్టేళ్లను మందలోకి వదిలితే, ఏప్రిల్ 1న ఫూల్స్ డే రోజున పిల్లలు పుట్టడం మొదలవుతుంది. వేళ్లు మడిచి లెక్కేయండి, సరిగ్గా 147 రోజులు. గొర్రె చూడి కాలం అదే, అటూ ఇటూగా 5 నెలలు. ఏప్రిల్ అంటే అక్కడ మంచు కరిగి గడ్డి మొలిచే టైమ్. తల్లికి పాలు పడతాయి, పిల్లకు వెచ్చగా ఉంటుంది.

అయితే అక్కడి రైతు జూన్‌లోనే పొట్టేలును వదిలితే ఏమవుతుంది? చాలా జాతుల్లో ఏమీ కాదు. ఆ కాలంలో గొర్రె అసలు ఎదకే రాదు. పొట్టేలు మొహం చూడదు. సఫోక్ లాంటి బ్రిటిష్ జాతుల్లో పగలు తగ్గుతూ, రాత్రి పెరుగుతూ వచ్చే శరత్కాలంలోనే ఎద మొదలై శీతాకాలం చివరికి ఆగిపోతుంది. డోర్సెట్ హార్న్ లాంటి కొన్ని జాతులకు మాత్రం ఈ పట్టింపు తక్కువ, అవి మిగతా కాలాల్లోనూ కట్టగలవు. మొత్తం మీద మంచు దేశాల గొర్రె 'పగలు తగ్గితే పని మొదలు' అనే రకం. సైంటిస్టులు వీటిని పొట్టి పగళ్లలో కట్టే జీవాలు అంటారు.

చలికి కాదు.. చీకటికి!

ఇక్కడ ఎవరికైనా ఒక డౌట్ వస్తుంది. శరత్కాలంలో పగలు తగ్గుతుంది, చలి కూడా పెరుగుతుంది. మరి గొర్రె దేన్ని చూసి ఎదకు వస్తోంది? వెలుతురునా, చలినా?

దీన్ని తేల్చిన ప్రయోగం చాలా సింపుల్. కేంబ్రిడ్జ్‌లో యేట్స్ అనే పరిశోధకుడు గొర్రెలను కృత్రిమ వెలుతురులో ఉంచి, పగటి పొడవును తలకిందులు చేశాడు. బయట పగలు పెరుగుతుంటే లోపల తగ్గించాడు, బయట తగ్గుతుంటే లోపల పెంచాడు. గొర్రెల ఎద కాలం కూడా తలకిందులైంది. ఆ ఫలితాలు 1949లో అచ్చయ్యాయి. అంతకు ముందే 1937లో మార్షల్ అనే శాస్త్రవేత్త ఇంకో విషయం రాశాడు. భూమధ్యరేఖ దాటించి దక్షిణార్ధగోళానికి ఓడల్లో తరలించిన జీవాలు కొంతకాలానికి తమ సీజన్‌ను అక్కడి రుతువులకు తగ్గట్టు ఆరు నెలలు జరుపుకుంటాయని. ఇంగ్లండ్‌లో అక్టోబర్‌లో ఎదకు వచ్చే గొర్రె, ఆస్ట్రేలియాలో ఏప్రిల్ ప్రాంతంలో వస్తుందన్నమాట. ఎందుకంటే అక్కడ పగలు తగ్గేది అప్పుడే కదా.

మరి గొర్రె పగటి పొడవును ఎలా కొలుస్తుంది? దానికి వాచీ ఉందా అంటే.. ఉంది, తల లోపల. కంటి రెటీనా మీద పడే వెలుతురు సమాచారం మెదడులో పగలూ రాత్రీ లెక్క చూసే ఓ చిన్న కేంద్రానికి వెళ్తుంది. అక్కడి నుంచి నరాల దారిలో మెదడు మధ్యలో ఉండే పీనియల్ గ్రంథికి చేరుతుంది. చీకటి పడగానే ఈ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది, తెల్లారగానే ఆపేస్తుంది. నిద్ర పట్టడానికి కొందరు వేసుకునే మాత్రల్లో ఉండేది ఇదే. రాత్రి పొడవు పెరిగితే మెలటోనిన్ రక్తంలో ఎక్కువ గంటలు ఉంటుంది. అంటే గొర్రె మెదడు లెక్క పెట్టేది పగటిని కాదు, రాత్రిని.

దీనికి గట్టి సాక్ష్యం 1980ల్లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఫ్రెడ్ కార్ష్ బృందం గొర్రెల్లో పీనియల్ గ్రంథిని తీసేసి, దానికి బదులు మెలటోనిన్‌ను గొట్టం ద్వారా రక్తంలోకి ఎక్కించింది. బయట పగలు ఎంత ఉందన్నది గొర్రెలు పట్టించుకోలేదు. మెలటోనిన్ ఎన్ని గంటలు ఎక్కిందో దాన్నిబట్టే వాటి హార్మోన్లు నడిచాయి. ఎక్కువ గంటలు ఎక్కిస్తే పొడుగు రాత్రుల లెక్క, తక్కువ గంటలు ఎక్కిస్తే పొట్టి రాత్రుల లెక్క. ఈ కబురు పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి థైరాయిడ్ హార్మోన్ల మీదుగా హైపోథాలమస్‌కు వెళ్తుంది. అది సిగ్నల్ ఇస్తేనే అండాశయం కదులుతుంది. సీజన్ కాని నెలల్లో గొర్రె ఒంట్లోని ఈస్ట్రోజనే ఆ సిగ్నల్‌కు బ్రేక్ వేసి కూర్చుంటుంది. సీజన్ రాగానే అదే హార్మోన్‌కు ఆ బ్రేక్ పట్టు పోతుంది. బయాలజీ క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న బ్యాచ్ మాది, అయినా ఈ ముక్క మాత్రం ఆసక్తిగా అనిపించింది. హార్మోన్ మారలేదు, దాని మాట వినే మెదడు మారింది.

ఇంకో ట్విస్ట్ కూడా ఉంది. గొర్రె ఒంట్లో ఏడాది పొడవునా తిరిగే ఓ సొంత గడియారం ఉంటుంది. వెలుతురు దానికి టైమ్ సెట్ చేస్తుందంతే. మిషిగన్ బృందమే తర్వాత చూపించిందేంటంటే, వసంతంలో పెరుగుతూ పోయే పగళ్లే శరత్కాలపు ఎదకు ముందుగా అలారం పెడతాయి. అక్టోబర్‌లో మోగే అలారాన్ని మార్చి, ఏప్రిల్‌లోనే సెట్ చేసి పెట్టినట్టు.

ఇదంతా పుస్తకాల్లో ఉండిపోలేదు. యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో గొర్రె చెవి వెనక చర్మం కింద 18 మిల్లీగ్రాముల మెలటోనిన్ గుళిక పెట్టి, సీజన్ కంటే ముందే ఎదకు తెప్పిస్తారు. శాలలో గొర్రెలకు కొన్ని వారాలు పొడుగు పగళ్ల వెలుతురు ఇచ్చి, తర్వాత ఒక్కసారిగా తగ్గించే పద్ధతి కూడా ఉంది.

మరి మన షెడ్డులో లైట్లు పెడితే?

లేయర్ కోళ్ల ఫారాలు చూసినవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజం. కోళ్లకు రోజుకు 16 గంటల దాకా వెలుతురు ఇస్తే గుడ్లు బాగా పెడతాయి కదా, గొర్రెలకూ ఎల్‌ఈడీ బల్బులు పెడితే సరిపోదా అని. ముందుగా, గొర్రె కోడికి రివర్స్. కోడికి పొడుగు పగలు కావాలి, మంచు దేశపు గొర్రెకు పొడుగు రాత్రి కావాలి. రాత్రంతా లైట్లు వేస్తే ఆ గొర్రెకు ఎద రావడం అటుంచి, ఉన్నది కూడా ఆగుతుంది. అసలు విషయం అది కూడా కాదు. మన గొర్రెకు ఈ వెలుతురు గొడవే చాలా తక్కువ.

కారణం భూమి మీద మనం ఉన్న చోటు. లండన్‌లో జూన్ మూడో వారంలో పగలు 16 గంటల 38 నిమిషాలు. డిసెంబర్‌లో 8 గంటలు కూడా ఉండదు. తేడా దాదాపు 9 గంటలు. శ్రీనగర్‌లో ఈ తేడా నాలుగున్నర గంటలు. హైదరాబాద్‌కు వస్తే జూన్‌లో సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబర్‌లో 11 గంటలు. తేడా రెండు గంటల పైచిలుకు, అంతే. నెల్లూరు ఇంకా కిందికి ఉంటుంది కాబట్టి అక్కడ రెండు గంటలు కూడా ఉండదు. ఏడాది మొత్తం మీద ఇంత చిన్న తేడాను నమ్ముకుని బతుకు ప్లాన్ చేసుకోవాల్సిన అవసరం మన గొర్రెకు రాలేదు. మన దగ్గర 'ఇప్పుడు పిల్లను కంటే బతుకుతుంది' అని చెప్పేది మంచు కరగడం కాదు, వాన పడటం.

అందుకే నెల్లూరు జాతి, దక్కనీ జాతి లాంటివి ఏడాదిలో దాదాపు ఏ కాలంలోనైనా ఎదకు రాగలవు. అయినా మందలో చూస్తే ఈతలు ఏడాది అంతా సమానంగా ఉండవు. గుంపులు గుంపులుగా వస్తాయి. మన దగ్గర పశువైద్యులు చెప్పే దాటింపు సీజన్లు మూడు. వేసవి మొదట్లో మార్చి, ఏప్రిల్. తొలకరి తర్వాత జూన్, జులై. వానలు వెనకబట్టాక సెప్టెంబర్, అక్టోబర్. ఈ మూడింటినీ కలిపే దారం మేత. పంట కోసిన చేలల్లో రాలిన గింజలు, తుమ్మకాయలు దొరికినప్పుడు, వాన పడి పచ్చిక లేచినప్పుడు గొర్రె ఒళ్లు చేస్తుంది, ఎదకు వస్తుంది. ఒంట్లో కండ లేకపోతే వెలుతురు ఎంత ఉన్నా, రాత్రి ఎంత పొడుగున్నా దానికి అక్కరలేదు.

పాడి రైతులకు ఇది వేరే రూపంలో తెలిసిందే. గేదె శీతాకాలంలో తేలిగ్గా ఎదకు వస్తుంది, వేసవిలో మూగ ఎద పెట్టి రైతును ఏడిపిస్తుంది. గేదెది కూడా పొట్టి పగళ్ల స్వభావమే, దానికి తోడు నల్లటి చర్మం, ఎండ. గొర్రె ఆ విషయంలో గేదె కంటే చాలా నయం. కానీ ఎండ దగ్గరికి వచ్చేసరికి దానికీ ఓ హద్దు ఉంది.

వేడి చేసే పని వేరు

వెలుతురు గొర్రెకు 'ఎప్పుడు' అన్నది చెబుతుంది. వేడి మాత్రం చాలావరకు 'నిలుస్తుందా, పోతుందా' అన్నది తేలుస్తుంది. సీజన్ టైమింగ్ మీద కూడా వేడికి కొంత చెయ్యి ఉంది. అమెరికాలోని కెంటకీలో డట్, బుష్ అనే పరిశోధకులు వేసవిలో కొన్ని గొర్రెలను చల్లటి గదిలో ఉంచి చూశారు. బయట ఉన్నవాటి కంటే అవి వారాల ముందే ఎదకు వచ్చాయి. ఆ ఫలితాలు 1955లో వచ్చాయి. అంటే వెలుతురు అసలు డ్రైవర్ అయితే, వేడి పక్క సీట్లో కూర్చుని అప్పుడప్పుడూ హ్యాండ్ బ్రేక్ లాగే మనిషి. మన దగ్గర డ్రైవర్‌కు పెద్ద పని లేదు. అందుకే హ్యాండ్ బ్రేక్ లాగేవాడే మొత్తం బండిని నడిపిస్తున్నాడు.

ఆ దెబ్బ మూడు చోట్ల పడుతుంది. వాటిలో కాపరి కంటికి అసలు కనిపించనిది మొదటిది.

పొట్టేలుకు తగిలే సైలెంట్ దెబ్బ

గొర్రె ఒంటి వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్. కానీ పొట్టేలు వృషణాలు దానికంటే 4 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంటేనే మంచి వీర్యకణాలు తయారవుతాయి. అందుకే అవి ఒంటి బయట సంచిలో వేలాడుతుంటాయి. వేడి పెరిగితే సంచి కిందికి జారుతుంది, చలేస్తే పైకి ముడుచుకుంటుంది. సంచి చర్మంలో చెమట గ్రంథులు ఉంటాయి. లోపలికి వెళ్లే రక్తనాళం చుట్టూ సిరలు జడలా అల్లుకుని, వెళ్లే రక్తాన్ని ముందే చల్లారుస్తాయి. ప్రకృతి ఇచ్చిన కూలర్ అనుకోండి. 1962లో వెయిట్స్ అనే పరిశోధకుడు ఓ ప్రయోగంలో పొట్టేలు వృషణాల సంచిని మాత్రమే వేడి చేశాడు. పొట్టేలు నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. ఒంటి మొత్తం వేడి తగ్గిపోతున్నా రొప్పుతూనే ఉంది. ఆ ఒక్క భాగాన్ని కాపాడుకోవడానికి దాని ఒళ్లు అంత కష్టపడుతుంది.

ఇప్పుడు రోహిణి కార్తె తలచుకోండి. రోళ్లు పగిలే ఎండలు అంటారు కదా. రామగుండం వైపో, పల్నాడు వైపో 44, 45 డిగ్రీలు దాటిన రోజున నీడ లేని బీడులో మధ్యాహ్నం మేస్తున్న పొట్టేలుకు ఆ కూలర్ సరిపోదు. కింద నేల కూడా సెగలు కక్కుతుంటుంది. అప్పుడు తయారీ దశలో ఉన్న వీర్యకణాలు దెబ్బతింటాయి.

కీలకమైన విషయం ఇక్కడుంది. పొట్టేలులో ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 49 రోజులు పడుతుంది. తర్వాత అది పక్వానికి వచ్చి బయటికి రావడానికి మరో 10 నుంచి 14 రోజులు. మొత్తం రెండు నెలలు. అందుకే ఎండ తగిలిన రోజున పొట్టేలు వీర్యం బాగానే ఉంటుంది, అది ఎప్పుడో తయారైన పాత స్టాకు కాబట్టి. రెండు మూడు వారాల తర్వాత నాణ్యత పడిపోతుంది. ఎండలు తగ్గాక కూడా పూర్తిగా కోలుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. జూన్ రెండో వారంలో తొలకరి పడిందనుకుంటే, గట్టిగా దెబ్బతిన్న పొట్టేలు మామూలు స్థితికి వచ్చేది జులై చివరో, ఆగస్టు మొదట్లోనో.

ఈ లోపు పొట్టేలు పైకి మాత్రం మామూలుగానే ఉంటుంది. వాన పడి ఒళ్లు చల్లబడగానే కోరిక తిరిగొస్తుంది, గొర్రెలను దాటుతుంది. చూసేవాళ్లకు పని అయిపోయినట్టే. లోపల సరుకు లేదని ఎవరికి తెలుస్తుంది?

2017 జూన్‌లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. మామూలు మందల్లో కూడా 25, 30 గొర్రెలకు ఒక పొట్టేలు ఉంటుంది. అంటే ఒక్క పొట్టేలుకు ఎండదెబ్బ తగిలితే ఆ కుటుంబానికి 20 కడుపుల మీద అనుమానం. గొర్రెల్లో ఒకటి బలహీనంగా ఉంటే పోయేది ఒక్క పిల్ల. ఒక్క పొట్టేలు ఫెయిలైతే సీజన్ మొత్తం వెనక్కి జరుగుతుంది. మూడు ఎదలు వృథా అయ్యాయంటే 51 రోజులు. ఆ గొర్రెలను 51 రోజులు ఊరికే మేపినట్టు.

కట్టిన గొర్రెకూ గండమే

రెండో దెబ్బ అప్పుడే కట్టిన గొర్రె మీద. కెంటకీలో డట్ 1963లో ప్రచురించిన పనిలో తేలిందేంటంటే, దాటిన తర్వాత మొదటి కొద్ది రోజులే పిండానికి అసలు గండం. అప్పుడే ఏర్పడిన పిండం ఇంకా గర్భాశయంలోకి దిగకుండా అండవాహికలో ఉండే మూడు నాలుగు రోజుల్లో తల్లి ఒళ్లు బాగా వేడెక్కితే పిండం చనిపోయే అవకాశం ఎక్కువ. ఆ దశ దాటితే తట్టుకునే శక్తి పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో దాటించిన మందల్లో ఆలస్యంగా, అంటే ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఎదకు వచ్చిన గొర్రెలకు ఈ రిస్క్ ఉంటుంది.

ఇది కనిపెట్టే దారి ఒకటుంది, కాస్త ఓపిక కావాలి. దాటిన గొర్రె సరిగ్గా 17 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందంటే అసలు కట్టలేదు, లేదా మొదటి రోజుల్లోనే పోయింది. 25, 30 రోజులకు వచ్చిందంటే మాత్రం కట్టి, కొన్నాళ్లు నిలిచి, ఆ తర్వాత పిండం పోయి ఉండొచ్చు. ఎందుకంటే గొర్రె శరీరం 12, 13 రోజుల ప్రాంతంలో లోపల పిండం ఉందని గుర్తించి తర్వాతి ఎదను ఆపుతుంది. మందలో సగానికి సగం 17 రోజులకే తిరిగి ఎదకు వస్తుంటే వేలు చూపించాల్సింది పొట్టేలు వైపు. ఒకటి రెండు మాత్రమే వస్తే ఆ గొర్రెల వైపు. ఎంగిలి సిరాతో గోడ మీద గీత గీసినా సరే, తేదీ రాసుకుంటేనే ఇది తెలుస్తుంది.

మూడోది నిండు చూడి గొర్రె. డిసెంబర్, జనవరిలో కట్టినవి మే, జూన్‌లో ఈనతాయి. చూడి చివరి రెండు నెలలు మండే ఎండలో గడిస్తే పిల్ల కడుపులోనే చిన్నదై పుడుతుంది. వేడిని వదిలించుకోవడానికి తల్లి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, మాయకు వెళ్లే వాటా తగ్గుతుంది. మేత తగ్గింది కాబట్టి పిల్ల బక్కగా పుట్టిందని మనం అనుకుంటాం. మేత సరిగ్గా ఇచ్చినా వేడి వల్ల పిల్ల చిన్నదవుతుందని ఆస్ట్రేలియాలో, పైన చెప్పిన ఆ యేట్సే 1950ల్లో తేల్చాడు. వెలుతురు మీద పనిచేసిన మనిషే తర్వాత వేడి మీద పడ్డాడన్నమాట.

నిజ జీవితంలో ఎండ ఒంటరిగా రాదు. ఆకలిని, నడకను వెంటబెట్టుకుని వస్తుంది. మేలో పాలమూరు మంద రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో కాపరిని అడగండి. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థలో మాల్పురా జాతి గొర్రెల మీద దీన్నే పరిశీలించారు. ఎండ ఒక్కటే తగిలినప్పటి కంటే, మేత కొరత ఒక్కటే ఉన్నప్పటి కంటే, రెండూ కలిసినప్పుడు గొర్రె బరువు మీద, ఎద మీద దెబ్బ ఎక్కువగా ఉంది. మాల్పురా రాజస్థాన్ ఎండల్లో పుట్టిన జాతి. దానికే అలా ఉంటే ఎండకు అలవాటుపడిన జాతి కదా అని మన నెల్లూరు పొట్టేలును వదిలేయడానికి లేదు. మన జాతులు బయటి జాతుల కంటే ఎండను బాగా తట్టుకుంటాయి, నిజమే. తట్టుకోవడం అంటే బతకడం. బతకడం వేరు, కట్టించడం వేరు.

ఏసీ అక్కర్లేదు.. నీడ చాలు

పరిష్కారం మాత్రం మిగతా కథంత కాంప్లికేటెడ్ కాదు. మంద మొత్తానికి నీడ చూపించలేని కాపరి కూడా ఒక్క పొట్టేలుకు చూపించగలడు. ఏప్రిల్ మధ్య నుంచి తొలకరి దాకా విత్తన పొట్టేలును మధ్యాహ్నం మందతో తిప్పకుండా చెట్టు కిందో, తాటాకు పందిరి కిందో కట్టేస్తే సగం పని అయినట్టే. రేకుల షెడ్డు అయితే పైన గడ్డి కప్పాలి, లేదంటే అది పొయ్యి. మేపు తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దక్కనీ పొట్టేలు అయితే ఎండలు ముదరకముందే ఉన్ని కత్తిరించాలి, వృషణాల సంచి మీద వెంట్రుకలతో సహా. కుంటుతున్న పొట్టేలు, జ్వరం వచ్చి తగ్గిన పొట్టేలు కూడా ఎండ తగిలినదానితో సమానమే. జ్వరం వేడి కూడా వేడే కదా.

మేలో పొట్టేలుకు గట్టిగా ఎండదెబ్బ తగిలిందని తెలిస్తే ఆ సీజన్‌కు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇంకో పొట్టేలును జత చేయడం, పక్క మంద నుంచి తెచ్చుకోవడం చేస్తే నష్టం తగ్గుతుంది. సీజన్‌కు ముందు పశువైద్యుడికి చూపిస్తే వృషణాలు పట్టి చూసి మెత్తబడ్డాయా, చిన్నవయ్యాయా అన్నది చెబుతారు. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యం కోసం 1962 నంబర్ ఉంది.

గొర్రెల వైపు చేయాల్సింది మేత. పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి ఒక్కోదానికి రోజుకు పావు కిలో దాకా దాణా పెడితే ఎద బాగా వస్తుంది, కవలలు పడే ఛాన్స్ కూడా పెరుగుతుంది. తొలకరి పచ్చిక మీద పడి ఒక్కసారిగా మేస్తే చిటుకు రోగం వస్తుంది కాబట్టి దాని టీకా, నట్టల మందు అంతకు ముందే పడాలి.

ఒక పాత చిట్కాకు సైన్స్ సపోర్టు కూడా ఉంది. పొట్టేలును కొన్ని వారాలు మంద కంటికి, వాసనకు దూరంగా ఉంచి, తర్వాత ఒక్కసారిగా వదిలితే, ఎదలో లేని గొర్రెలు కూడా కదులుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1944లోనే దీన్ని రాశారు. పొట్టేలు వాసన తగిలిన రెండు మూడు రోజుల్లో చాలా గొర్రెల్లో అండం విడుదలవుతుంది. ఈ మొదటిది తరచూ మూగ ఎదే, పైకి కనిపించదు. అసలు ఎద 18 నుంచి 25 రోజుల మధ్య గుంపుగా వస్తుంది. వేసవిలో పొట్టేలును నీడన విడిగా కట్టేసిన కాపరికి ఈ లాభం ఫ్రీగా దొరుకుతుంది. అటు దానికి ఎండ తగలదు, ఇటు మందకు అది కొత్తగా కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. అలా నీడన ఉన్న పొట్టేలును జులై 1న మందలోకి వదిలితే, ఎక్కువ గొర్రెలు జులై 19 నుంచి 26 మధ్య ఎదకు వస్తాయి. అక్కడి నుంచి 147 రోజులంటే డిసెంబర్ 13 నుంచి 20. అప్పటికి వరి కోతలు దాదాపు అయిపోయి, మళ్లు మేతకు ఖాళీ అయి ఉంటాయి.